పావురానికి తురాయి ఎందుకు?

ఈ పిట్ట ఫొటో మొదటిసారి చూసినవాళ్లు చాలామంది అనే మాట ఒకటే: ఎవరో కంప్యూటర్లో కూర్చుని చేసిన బొమ్మలా ఉందే అని. ఒళ్లంతా మబ్బు పట్టిన ఆకాశంలాంటి నీలి బూడిద రంగు, రొమ్ము మీద ముదురు మెరూన్, నల్లటి గంతలు కట్టినట్టున్న ముఖంలో ఎర్రగా మండే కన్ను, నెత్తిన లేసు అల్లి నిలబెట్టినట్టు తురాయి, ఆ తురాయి కొసల్లో తెల్లటి అద్దకం. సైజు చూస్తే బాగా ఎదిగిన కోడంత. ఇది పావురమే అని చెబితే నేనూ వెంటనే నమ్మలేదు, నెమలికి దగ్గరి చుట్టమేమో అనుకున్నా. తర్వాత దాని ముక్కు చూశాక నమ్మాను. అంత ఆర్భాటం కింద మామూలు పావురం ముక్కే ఉంటుంది, సన్నగా, అమాయకంగా, పెళ్లికి కిరీటం పెట్టుకొచ్చిన పక్కింటి కుర్రాడి ముఖంలాగా.

విక్టోరియా క్రౌన్డ్ పిజన్ అంటారు దీన్ని, మనం కిరీట పావురం అనుకుందాం. శాస్త్రీయ నామం గౌరా విక్టోరియా. 1844లో లూయీ ఫ్రేజర్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ అప్పటి రాణిగారి పేరు పెట్టేశాడు. గౌరా అనగానే మనకి గౌరి గుర్తొస్తుంది కానీ సంబంధం లేదు, అది న్యూ గినీలో అక్కడివాళ్లు ఈ పక్షిని పిలుచుకునే పేరు. అంటే పేరులో మొదటి సగం ఊరివాళ్లది, రెండో సగం ఎప్పుడూ ఆ ఊరు చూడని రాణిది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

న్యూ గినీ అంటే గ్రీన్‌లాండ్ తర్వాత ప్రపంచంలో అతిపెద్ద ద్వీపం. పడమటి సగం ఇండోనేషియాది, తూర్పు సగం పాపువా న్యూ గినీ అనే దేశం. కిరీట పావురాలు ఈ ద్వీపంలోనూ, చుట్టుపక్కల కొన్ని చిన్న దీవుల్లోనూ తప్ప ఇంకెక్కడా సహజంగా ఉండవు. చాలాకాలం వీటిలో మూడు జాతులే అనుకున్నారు, ఇప్పుడు నాలుగని లెక్క. ద్వీపం మధ్యలో తూర్పు నుంచి పడమరకి నాలుగు వేల మీటర్లు దాటిన కొండల వరస అడ్డుగోడలా ఉంటుంది. ఈ పిట్టలు పల్లపు అడవుల్లో, చిత్తడి నేలల్లో బతికేవి కాబట్టి ఆ గోడ దాటలేవు. అందుకని ఉత్తరాన విక్టోరియా, పడమటి కొసన ఇంకొకటి, దక్షిణాన రెండు, ఇలా ఎవరి వాటా వాళ్లు పంచుకున్నట్టు ఉంటాయి. గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. తురాయి కొసల్లో తెలుపుంటే అది విక్టోరియాయే, మిగతా మూడింటికీ ఆ తెలుపు ఉండదు. పడమటి జాతికి మెరూన్ రంగు రొమ్ము మీద కాకుండా వీపు మీద ఉంటుంది. దక్షిణాది రెండింటినీ విడదీసి చూడాలంటే మాత్రం భుజాల రంగు దాకా వెళ్లాలి, అది పక్షులంటే పిచ్చి ఉన్నవాళ్ల పని.

బతికి ఉన్న పావురాల్లో అన్నిటికంటే పెద్దవి ఇవే. విక్టోరియా పొడవు 70 సెంటీమీటర్లకి అటూ ఇటూ, బరువు రెండు కిలోల పైమాటే. ఊళ్లలో తిరిగే మామూలు పావురం మూడొందల గ్రాములు ఉంటుంది, అంటే దాదాపు ఏడింతలు. నాలుగు జాతుల్లో ఏది అందరికంటే పెద్దది అన్నదాని మీద వాదనలు చూశాను. నా ఉద్దేశంలో అది తేలేది కాదు, పొడవు కొలిస్తే ఒకటి, బరువు తూస్తే ఇంకొకటి ముందుంటుంది.

ఇప్పుడు తురాయి దగ్గరికి వద్దాం, అసలు తిరకాసు అక్కడే ఉంది.

దగ్గర నుంచి చూస్తే అది గుత్తిగా పెరిగిన జుట్టులా ఉండదు. ముక్కు మొదలు నుంచి తల వెనక దాకా ఒకే గీత మీద నాటినట్టు ఈకలు నిలబడి ఉంటాయి. పక్క నుంచి చూస్తే విసనకర్ర, ఎదురుగా చూస్తే సన్నటి గీత. మామూలు ఈకలో పోగులన్నీ చిన్న చిన్న కొక్కేలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, అందుకే ఈక రేకులా కనిపిస్తుంది, వేలితో చెదరగొట్టి మళ్లీ నిమిరితే అతుక్కుంటుంది. ఈ తురాయి ఈకల్లో ఆ పట్టు లేదు, పోగులు దేనికది విడిగా ఉంటాయి, అందుకే లేసులా అవతలి వెలుతురు కూడా కనిపిస్తుంది. విక్టోరియాలో మాత్రం కొస దగ్గరకొచ్చేసరికి పోగులు మళ్లీ దగ్గరపడి చిన్న గరిటెలా వెడల్పవుతాయి, ఆ గరిటెకే తెల్లరంగు. కాకతువా చిలకలాగా కోపమొస్తే పైకెత్తి, తగ్గితే పడుకోబెట్టే జుట్టు కాదిది. పొద్దస్తమానం నిలబడే ఉంటుంది. చిత్తడి అడవిలో, తీగల మధ్య, వానలో, ఇరవైనాలుగ్గంటలూ పట్టుబట్టలతో తిరిగినట్టు లెక్క.

మరి ఎవరి కోసం ఈ ముస్తాబు? నెమలిని తలుచుకుంటే జవాబు సులువు. పింఛం మగదానికే ఉంటుంది, ఆడది సాదాగా ఉంటుంది, మగది ఆడి చూపిస్తుంది, ఆడది ఎంచుకుంటుంది. కానీ కిరీట పావురంలో మగదానికీ ఆడదానికీ తురాయి ఒకేలా ఉంటుంది. మగది ఒక పిసరు పెద్దదంటారు గానీ రెండూ పక్కపక్కన నిలబడినా ఏది ఏదో చెప్పడం కష్టం, జూల్లో పనిచేసేవాళ్లు కూడా చాలాసార్లు రక్తపరీక్షో ఈక పరీక్షో చేయించి తేల్చుకుంటారు. అందం పోటీ మగవాళ్లకే అనే నెమలి సూత్రం ఇక్కడ పనిచేయదు.

ఎందుకు పనిచేయదో తెలియాలంటే పిల్లల్ని ఎవరు పెంచుతారో చూడాలి. నెమలి మగది గుడ్లు పొదగదు, పిల్లల ముఖం చూడదు, దాని బాధ్యత ఆటతో సరి. పావురాల్లో అలా నడవదు. గూడు కట్టే పుల్లలు మోయడం దగ్గర నుంచి ఇద్దరూ కలిసే చేస్తారు, పొదగడంలోనూ వంతులుంటాయి, సాధారణంగా పగటి షిఫ్టు మగదానిది, రాత్రి షిఫ్టు ఆడదానిది. ఆ తర్వాత పాలు కూడా ఇద్దరూ ఇస్తారు. అవును, పాలే. తండ్రి కూడా.

ఇది చదివి నవ్వొచ్చినా నిజమే. పావురం మెడ కింద మేత దాచుకునే సంచి ఒకటుంటుంది. గుడ్డు పగిలే రోజులు దగ్గరపడుతుంటే ఆ సంచి లోపలి పొర మందంగా ఉబ్బి, కొవ్వు నిండిన కణాలు పొరలు పొరలుగా ఊడి, విరిగిన పాలలాంటి తెల్లటి ముద్ద తయారవుతుంది. పిల్ల తన ముక్కుని తల్లి నోట్లోనో తండ్రి నోట్లోనో దూర్చి దాన్ని తాగుతుంది. మాంసకృత్తులు, కొవ్వు దండిగా ఉంటాయి, రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలూ ఉంటాయి, చక్కెర మాత్రం లేనట్టే. దీన్ని పుట్టించే హార్మోను ప్రొలాక్టిన్, మనుషుల్లో తల్లిపాలకి కారణమయ్యేది కూడా అదే. అసలు 1930ల్లో ఆ హార్మోనుని విడిగా గుర్తించి పేరు పెట్టడానికి పావురాల ఈ సంచే పరీక్షా పరికరంలా ఉపయోగపడింది, మందు ఎక్కిస్తే సంచి ఉబ్బుతుందా లేదా అని చూసేవారు. పక్షుల్లో ఇలాంటి పాలు ఇచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: పావురాలు, ఫ్లెమింగోలు, మగ ఎంపరర్ పెంగ్విన్లు.

ఇద్దరికీ పని సమానమైతే ఎంపిక కూడా రెండువైపులా జరుగుతుంది. తురాయి ఉన్న జత కోసం మగది చూస్తుంది, ఆడదీ చూస్తుంది. ఒకరు తప్పుకుంటే పిల్ల బతకడం కష్టం కాబట్టి జత విషయంలో ఇద్దరూ గీచి గీచి బేరమాడతారు. తురాయి రెండింటికీ ఉండటానికి ఇదే ముఖ్య కారణమని చాలామంది అనుకునేది, నాకూ ఇదే సబబుగా అనిపిస్తుంది. జత కుదిరేటప్పుడు మగది తల వంచి, ఆ విసనకర్రని ముందుకు చాచి, తోక విప్పి, లోపల ఎక్కడో ఖాళీ డ్రమ్ము కొట్టినట్టు గుమ్మ్... గుమ్మ్... అని శబ్దం చేస్తుంది. పావురం కువకువ అనుకుని వింటే ఉలిక్కిపడతారు. అంత బొంగురు గొంతు ఆ పట్టు లేసు వెనక నుంచి వస్తుందని ఎవరూ అనుకోరు.

పాలకి ఒక ఖరీదుంది. ఒంట్లో నుంచి తీసి ఇచ్చేది ఎంతమందికని ఇస్తారు? పావురజాతి మొత్తం ఒకటో రెండో గుడ్లతో సరిపెట్టుకోవడానికి ఇది ఒక కారణమంటారు. కిరీట పావురం ఒక్కటే పెడుతుంది. చెట్టు మీద పుల్లలు, ఆకులు, తీగలు పేర్చిన గూట్లో ఒకే ఒక్క తెల్ల గుడ్డు. దాన్ని దాదాపు నెల రోజులు పొదగాలి. పిల్ల బయటికొచ్చాక ఇంకో నెల గూట్లో. గూడు దిగేనాటికి కూడా అది పెద్దవాటిలో సగం ఉండదు, ఆ తర్వాత కూడా వారాల తరబడి వెంటపడి నోట్లో పెట్టించుకుంటుంది. మూడు నెలలు దాటాకే దాదాపు సొంత కాళ్ల మీద నిలబడుతుంది. ఊరి పావురం లెక్క పక్కన పెట్టి చూడండి: రెండు గుడ్లు, పద్దెనిమిది రోజులు పొదగడం, నెల రోజుల్లో పిల్లలు ఎగిరిపోవడం, మేత దొరికితే ఏడాదికి ఐదారు కాన్పులు. అది చిల్లర వ్యాపారం, ఇది బంగారం కొట్టు.

అంత నింపాదిగా బతికే పిట్ట అడవి నేల మీద ఎలా నెగ్గుకొచ్చింది? ఈ ప్రశ్న ఎందుకంటే, ఇది ఎక్కువసేపు నేల మీదే ఉంటుంది. రెండు నుంచి పది దాకా చిన్న గుంపులుగా, తొందర లేకుండా నడుచుకుంటూ, రాలిన పండ్లు, గింజలు ఏరుకుంటూ, మధ్యలో ఓ నత్త దొరికితే దాన్నీ వదలకుండా తిరుగుతుంటాయి. మరో ఖండంలో ఇలా రెండు కిలోల మాంసం నేల మీద నింపాదిగా నడిస్తే సాయంత్రానికి మిగలదు. కానీ న్యూ గినీ సంగతి వేరు. అక్కడ పులుల్లేవు, చిరుతల్లేవు, అడవి పిల్లుల్లేవు. కోతులు లేవు, ఉడుతలు కూడా లేవు. ఆసియా జంతువుల్లో చాలావాటిని మధ్యలోని సముద్రం ఆపేసింది. కొండచిలువలు, ఉడుముజాతి పెద్ద బల్లులు, ఒకటిరెండు పెద్ద గద్దలు ఉన్నాయి, భయం అసలు లేదని కాదు, కానీ నేల మీద మాటువేసి దూకే మృగాల ఒత్తిడి చాలా తక్కువ.

కోతులు లేకపోవడం చిన్న విషయం కాదు. 1854 నుంచి 1862 దాకా ఈ దీవులన్నీ తిరిగిన బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్‌కి ఇక్కడ పావురాలు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయన్న ప్రశ్న వచ్చింది. పండ్లు తిని, గూళ్లలో గుడ్లు దొంగిలించే కోతులు లేకపోవడమే కారణమై ఉంటుందని ఆయన రాశాడు. పావురం గూడు ఎంత నాసిగా ఉంటుందో చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి దాని మీద తెల్లగా మెరిసే గుడ్డు పెట్టడమంటే దొంగకి దీపం చూపించినట్టే. దొంగ లేని ఊళ్లో అది చెల్లిపోయింది. పండ్లకి పోటీ తగ్గింది, గుడ్లకి కాపలా భారం తగ్గింది, నేల మీద చోటు ఖాళీగా ఉంది, ఆ ఖాళీలోకి కాసోవరీలాంటి ఎగరలేని పెద్ద పక్షి ఒకపక్క, ఈ కిరీట పావురాలు ఒకపక్క పెరిగాయి.

దీవుల్లో పావురాలు పెద్దవవడం ఇక్కడే జరగలేదు. మారిషస్ దీవిలో ఒక పావురం ఇంకా పెద్దదై, రెక్కల వాడకమే మరిచిపోయింది. ఎప్పుడో అంతరించిపోయిన డోడో అదే. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో దాచి ఉంచిన డోడో అవశేషం నుంచి డీఎన్ఏ తీసి పోల్చి చూస్తే, బతికున్నవాటిలో దానికి అందరికంటే దగ్గరి బంధువు నికోబార్ పావురమని తేలింది. ఆ కుటుంబానికి కాస్త ఎడంగా, కానీ అదే బంధుత్వంలో, కిరీట పావురాలూ సమోవా దీవుల పంటిముక్కు పావురమూ ఉన్నాయి. అంటే డోడోకి ఇది దూరపు అన్నదమ్ముల వరస. కొందరు దీన్ని డోడో వారసుడు అని రాసేస్తుంటారు, అది తప్పు. తాత ఒకడే కావచ్చు, దారులు ఎప్పుడో చీలిపోయాయి. పైగా ఇది ఎగరడం మానలేదు. రాత్రికి చెట్టెక్కే పడుకుంటుంది, భయపడితే రెక్కలు చప్పట్లు కొట్టినట్టు టపటపలాడిస్తూ పైకి లేస్తుంది.

ఇక రాణిగారి పేరు దగ్గరికి మళ్లీ రావాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో యూరప్, అమెరికా నగరాల్లో ఆడవాళ్ల టోపీల మీద ఈకలు గుచ్చుకోవడం ఫ్యాషన్ అయిపోయింది. కొంగల ఈకలు, బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ తోకలు, వాటితోపాటు ఈ లేసు తురాయిలు. లండన్ వేలం పాటల్లో గౌరా అన్నది పక్షి పేరుగా పోయి సరుకు పేరైపోయింది. న్యూ గినీ ఈశాన్య భాగం 1884 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా జర్మనీ వలసగా ఉండేది, అక్కడి నుంచి కూడా ఈకలు ఓడలెక్కేవి. నెలల తరబడి పెంచిన ఒక్క పిల్ల, దాని నెత్తిన ఉన్న పిడికెడు పోగుల కోసం పోయేది. చివరికి ఆడవాళ్లే తిరగబడ్డారు. ఇంగ్లండ్‌లో 1889లో ఈకల ఫ్యాషన్‌కి వ్యతిరేకంగా మొదలైన చిన్న సంఘమే ఇప్పుడు పక్షుల రక్షణకి పేరుపడ్డ ఆర్ఎస్‌పీబీ. అమెరికా 1913లో అడవి పక్షుల ఈకల దిగుమతిని ఆపింది, బ్రిటన్ 1921లో చట్టం చేసింది. చట్టాలకి తోడు ఫ్యాషన్ కూడా మారింది, జుట్టు కత్తిరించుకున్న తలల మీద పెద్ద టోపీలు నిలవలేదు. రెండింటిలో ఏది ఎక్కువ పనిచేసిందంటే, నేను ఫ్యాషన్ వైపే మొగ్గుతాను.

ఇప్పటి బెడద వేరు. ఈకలు అక్కడివాళ్లు తలపాగాల అలంకారాలకి వాడటం ఎప్పటినుంచో ఉంది, కానీ వేటకి అసలు కారణం మాంసం. రెండు కిలోల పిట్ట అంటే ఒక ఇంటికి ఒక పూట కూర. విల్లంబులతో తిరిగినన్నాళ్లూ లెక్క ఒకలా ఉండేది, తుపాకులు వచ్చాక మారింది. కలప కోసం అడవి నరికినప్పుడు పోయిన చెట్ల కంటే, ఆ దుంగలు బయటికి తేవడానికి వేసిన రోడ్డే ఎక్కువ చేటు చేస్తుంది. నిన్నటిదాకా మూడు రోజులు నడిస్తే గానీ చేరలేని చోటుకి ఇవాళ బండి పోతుంది. ఊళ్లకి దగ్గరున్న అడవుల్లో ఇవి కరువై, మనిషి అలికిడి లేని చోట్ల ఇంకా బాగానే కనిపించడానికి కారణం ఇదే.

ఏ జీవజాతికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితా విక్టోరియాని ముప్పుకి చేరువలో ఉన్నదిగా చూపిస్తుంది, నాలుగు జాతుల్లో ఏ ఒక్కటీ నిశ్చింత జాబితాలో లేదు. ఇది చూసి కొందరు, ఇంత విశాలమైన అడవి ఉంది కదా, వేల సంఖ్యలో ఉన్నాయి కదా, ఎందుకు కంగారు అంటారు. ఇక్కడ సంఖ్య కంటే వేగం చూడాలి. ఊరి పావురాల్ని సగం చంపినా ఏడాది రెండేళ్లలో పూడ్చుకుంటాయి. ఒక జత ఒక గుడ్డు మీద ఇన్ని నెలలు పెట్టే చోట, ఏటా పోయేవాటి లెక్క కాస్త పెరిగినా పూడదు, ఆ గొయ్యి కనిపించకుండా లోతవుతుంది. అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం అదుపు పెట్టింది, రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే పర్మిట్ లేకుండా సరిహద్దు దాటించకూడదు. కానీ కూర కోసం కొట్టిన పిట్ట సరిహద్దు దాటదు కదా. పాపువా న్యూ గినీలో నేలలో అత్యధిక భాగం ప్రభుత్వానిది కాదు, తెగల ఉమ్మడి ఆస్తి. అందుకని ఏ అడవిలో వేట ఆపాలి, ఏ కంపెనీకి చెట్లు ఇవ్వాలి అన్నది చివరికి ఆ నేల సొంతదారులైన ఊళ్లు తేల్చుకోవాల్సిందే, రాజధానిలో రాసిన కాగితం అడవి దాకా నడిచి వెళ్లడం కష్టం.

జూల్లో ఇవి బాగానే బతుకుతాయి, ఇరవై ఏళ్లు దాటినవీ ఉన్నాయి. పిల్లల్నీ పెడతాయి, అయితే అక్కడా అదే ఒక్క గుడ్డు. గోడకి ఆవల తొంగిచూసే జనానికి బెదరకుండా దగ్గరదాకా నడిచొచ్చి, ఎర్రకన్నుతో ఒకసారి పక్కకి తిరిగి చూసి, నీళ్ల తొట్టిలో ముక్కు ముంచి తల ఎత్తకుండా గటగటా పీల్చేస్తాయి. చాలా పక్షులు గుక్క పట్టి తల పైకెత్తి మింగుతాయి, పావురాలకి ఆ అవసరం లేదు. సందర్శకులకి ఆ మచ్చిక ముద్దుగా ఉంటుంది.

అడవిలో కూడా దాదాపు అదే మచ్చిక. మనిషి అడుగు చప్పుడు వినగానే గుంపంతా రెక్కలు టపటపలాడిస్తూ లేస్తుంది, కానీ దూరం పోదు. దగ్గర్లో ఉన్న పెద్ద కొమ్మ మీద వాలి, తోక కదిలిస్తూ, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ, కింద ఏం జరుగుతోందో చూస్తూ కూర్చుంటుంది. నేల మీది బల్లికైతే ఆ ఎత్తు చాలు.